సార్ చదవని నవల

కోపాన్ని దిగమింగడం నాకు చేతకాదు. దాచుకోవడం మాత్రం బాగా వచ్చు. ఈ గుణం మా నాయన నుంచి వచ్చిందంటుంది అమ్మ, ఆమెకేదో తక్కువైనట్టు.

మా ఊర్లో ఒక బట్టలంగడి మిద్దె మీద నెలకొక ఆదివారం పుస్తకాలు చదివేవాళ్లం పదిమందిమి కూడుతాం. విడపనకల్లు నుంచి ఒకాయన బస్సులో వస్తాడు. ఎవరు ఏం చదువుతున్నారు, మిగతావాళ్లు ఏది చదివితే బాగుంటుంది, అంతే అక్కడ పని. అంగడాయన టీ తెప్పిస్తాడు. నేను జెరాక్సు అంగడి నడుపుకునేదాన్ని, కాలేజీ చదువు సగంలో ఆపేసినదాన్ని. అలాంటిది నేను నోరు తెరిస్తే అందరూ టీ గ్లాసులు కింద పెట్టి వినేవాళ్లు. నాకు అది గొప్పగా ఉండేది.

నిజానికి ఆ మాటల్లో సగం మా అమ్మవి. అమ్మకు అక్షరం ముక్క రాదు. పుట్టింది మడకశిర దిక్కు, గొర్రెలు మేపే ఇంట్లో. ఇప్పుడు కూలికి పోతుంది. పని దొరకని రోజుల్లో నేను చదువుతుంటే శెనక్కాయలు ఒలుస్తూ వింటుంది. ఊరికే వినదు, రాసినాయన్ను నిలదీస్తుంది. ఒక కథలో రైతు వాన కోసం మబ్బుల వైపు చూస్తూ కూర్చుంటాడు. అమ్మ ఒప్పుకోలేదు. "వాన రావాలనుకునేటోడు మోడాన్ని చూడడు. ఎదురింటోడు విత్తనం బయటికి తీసినాడా లేదా అని చూస్తాడు" అంది.

ఆ మాట నేను మిద్దె మీద చెప్పాను. మా అమ్మ అన్నదని కూడా చెప్పాను. రెండు వారాల తర్వాత అది పేపర్లో వచ్చింది. మా గుంపుకు పెద్ద ఒక రిటైరైన లెక్చరరు సార్. ఏ పుస్తకం చదవాలో జిల్లా పేజీలో వారం వారం రాస్తాడు. ఆ కథ గురించి రాస్తూ అమ్మ మాటను పొల్లు పోకుండా తన ఆలోచనగా దించేశాడు. చదివి వినిపిస్తే అమ్మ మురిసిపోయింది. తనలాగే ఆలోచించే మనిషి ఇంకొకాయన ఉన్నాడని, అదీ అంత చదువుకున్నాయన అని ఆమె సంబరం. నాకు ఒళ్లు మండింది.

అడిగాను. అందరి ముందు కాదు, కిందికి దిగేటప్పుడు మెట్ల దగ్గర. సార్ ఏమీ తడబడలేదు. చిన్నపిల్లకు బుద్ధి చెప్పినట్టు చెప్పాడు.

"సంతకం కూడా రాని మనిషి పేరు పుస్తకాల శీర్షికలో ఎట్లా పెట్టేది చెప్పమ్మా? జనం నవ్వరా?"

సరే సార్ అన్నాను. జనం ఈయన్ను చూసి నవ్వే రోజు నేనే తెస్తానని ఆ మెట్ల మీదే అనుకున్నాను. అప్పటి నుంచి ఆయన రాసినవన్నీ కత్తిరించి దాచాను. అన్నీ మిద్దె మీద మేం చెప్పుకున్నవే. ఆయన పుస్తకం తెరిచి ఎన్నాళ్లయిందో.

ఎనిమిది నెలలు కాచుకున్నాక ఒక కొత్త నవల దొరికింది. మరిది పొలం కాజేస్తే, గొర్రెలు అమ్ముకొని ఇద్దరు బిడ్డల్ని సాకిన ఒకామె కథ. రాసినాయన మా ఊరి లైబ్రరీకి వస్తున్నాడని, నవల గురించి సారే మాట్లాడాలని తేలింది. మా గుంపులో ఆ పుస్తకం తెప్పించుకున్నది నేనొక్కదాన్నే. వారం ముందు సార్ ఫోన్ చేశాడు. కళ్లు సరిగా కనిపించడం లేదట, కథ కాస్త చెప్పమన్నాడు.

అరగంట సేపు ఓపికగా చెప్పాను. చివరి అధ్యాయం మాత్రం మా అమ్మది చెప్పాను. నవల్లో ఆమె మరిది కూతురి పెళ్లికి పోయి, అక్షింతలు వేసి, భోంచేసి వస్తుంది. అది చదివి వినిపించిన రోజు అమ్మ చేతిలో కాయలు చాటలో పారేసింది.

"పొలం తిన్నోని ఇంట్లో అన్నం తింటాదా? కాయ పట్టినంక గొర్లను వాని శెనక్కాయ చేన్లోకి తోలుతాది."

గొర్రెలన్నీ అప్పటికే అమ్మేసింది కదమ్మా అంటే వినలేదు. గొర్రెలు మేపేవాళ్లు ఎంత కరువొచ్చినా అన్నీ అమ్మరని, రెండు ఆడవాటినైనా చుట్టాల మందలో కలిపి ఉంచుకుంటారని, రెండేళ్లకు అవే మంద అవుతాయని, రాసినాయనకు ఆ సంగతి తెలియదని కొట్టిపారేసింది. గొర్రెలు అమ్మిన సంగతి నేను సార్‌తో అనలేదు.

సభకు అమ్మను వెంటబెట్టుకు పోయాను. ఆమె కళ్లముందే నా పగ తీరాలి. పుస్తకం రాసే మనిషి ఎట్లుంటాడో చూడాలని ఆమె మంచి చీర కట్టుకొని వచ్చింది. మూడో వరసలో కూర్చున్నాం. సార్ ముప్పావుగంట మాట్లాడాడు. చివర్లో గొంతు వణికించి, ఆమె తన మందను మరిది చేన్లోకి తోలే ఘట్టం చదివి కన్నీళ్లు ఆపుకోలేకపోయానన్నాడు. అమ్మ నా మోచెయ్యి గిల్లింది. ముఖం వెలిగిపోతోంది.

రాసినాయన లేచి మైకు అందుకున్నాడు. "ఆమె గొర్రెల్ని రెండో అధ్యాయంలోనే అమ్మేసిందండీ. సార్ ఎవరి గొర్రెల్ని తోలించారో నాకు తెలియదు."

హాలంతా గొల్లుమంది. వెనక ఎవరో మే మే అని అరిచారు. సార్ ముఖం మాడిపోయింది. చేతిలో కాగితాలు తిప్పుతూ నా కోసం వెతికాడు. కనిపించాను. చూపు తిప్పుకోలేదు. అబద్ధమెందుకు, ఆ ముఖం ఇప్పుడు తలుచుకున్నా నాకు హాయిగానే ఉంటుంది.

రాసినాయన అంతటితో ఆపలేదు. లేని గొర్రెల్ని తోలించే ఈ ముగింపు ఏ మహానుభావుడి బుర్రలో పుట్టిందో అన్నాడు. జనం మళ్లీ నవ్వారు. నేను అప్పుడే లేవాల్సింది. అది మా అమ్మదని, రెండు గొర్రెల్ని మిగుల్చుకునే సంగతి మీకు తెలియదని ఆయనకు చెప్పాల్సింది. కానీ నేను లేస్తే సార్ తప్పించుకుంటాడు. ఈ పిల్లే నన్ను ముంచిందంటాడు. అందుకని కదలకుండా కూర్చున్నాను.

అమ్మ నా వైపు వంగి, "ఏంటికి నవ్వుతాండారు పాపా?" అని అడిగింది.

సార్ పుస్తకం చదవకుండా చదివినట్టు చెప్పాడని, అందుకే నవ్వుతున్నారని చెప్పాను.

అమ్మ తల అడ్డంగా ఊపింది.

"వాళ్లు నవ్వుతాండేది గొర్ల మాటకు గదా" అంది. "అది నాది."