ఒకటే మేకు

ఇస్నాపూర్‌లో మేం అద్దెకు దిగిన మేడ మీది గదిలో గోడకు ఒకటే మేకు ఉంది. ఇంకోటి కొట్టడానికి కింద ఉండే ఓనరమ్మ ఒప్పుకోలేదు. "క్యాలెండర్‌కు ఒకటి సాలదా? గోడలు ఖరాబైతయి," అంది. నాకేమో బొమ్మలు వేసే పిచ్చి. మా ఆయన ఫ్యాక్టరీకి వెళ్లాక నీళ్ల రంగులతో ఏదో ఒకటి వేస్తూనే ఉంటాను. ప్రతిదాన్నీ పటం కట్టించడం మా వల్ల అయ్యే పని కాదు. పెట్టెలో దాచుకోవడానికా వేసింది?

అందుకే పటాన్‌చెరులో పాత సామాన్ల కొట్లో ఒక ఫ్రేము కొన్నాను. వెనక ఉన్న రేకు ముక్కలు పక్కకు తిప్పితే అట్ట ఊడి వస్తుంది. క్యాలెండర్‌ను తలుపు గొళ్లేనికి సాగనంపి, మేకుకు ఫ్రేము తగిలించాను. ప్రతి ఆదివారం కొత్త బొమ్మ ముందుకు, పాతది దాని వెనక్కి.

ఓనరమ్మ మొదట్లో మూతి విరిచేది. "దేవుడు గాదు, మనుషులు గాదు. గిదేంది, టమాటలా?"

ఒకసారి వాళ్ల బర్రెను వేశాను. పొలం ప్లాట్లయ్యాక వాళ్లకు మిగిలిన గొడ్డు అదొక్కటే. మేపే జాగా లేక ఆ వారమే దాన్నీ అమ్మేశారు. ఆమె పైకొచ్చి చాలాసేపు చూసింది. "ఎడమ కొమ్ము వంకర గూడ ఏసినవు," అంది. తర్వాత రోజూ ఏదో వంకతో వచ్చేది.

మళ్లీ ఆదివారం రాగానే అలవాటుగా చామంతుల బొమ్మ పెట్టేశాను. సాయంత్రం ఆమె వచ్చి గోడ చూసింది.

"నా బర్రె ఏది?"

"వెనకే ఉంది ఆంటీ."

"మేం అమ్ముకున్నం. నువ్వు గూడ దాన్ని ఎనక్కి నూకినవా?"

నాకు ఒళ్లు మండింది. "ఒక్క మేకుకు ఎన్ని తగిలించను?" అనేశాను. ఆమె గిర్రున తిరిగి మెట్లు దిగిపోయింది. గది ఖాళీ చెయ్యమంటుందేమోనని భయపడ్డాను.

కాసేపటికి సుత్తి పట్టుకుని వచ్చింది. చంకలో వాళ్ల హాల్లో ఉండే ఫ్రేము. వాళ్లాయన ఎవరో లీడరు చేత శాలువా కప్పించుకున్న ఫోటో ఉండేది అందులో. ఆయన దాని కిందే కూర్చుని కిరాయి తీసుకునేవాడు. ఇప్పుడు అద్దం వెనక ఏమీ లేదు.

"బర్రెను ఇందుల పెట్టు."

"మీ ఇంట్లోనే పెట్టుకోండి ఆంటీ."

"ఆడ పెడితే పొద్దుగాల్నే మళ్ల ఆయన ఫోటోనే పెడ్తడు. ఈడనే ఉండనియ్. దీన్ని మాత్రం మార్చకు."

మేకు తనే కొట్టింది. రెండో దెబ్బకు గోడ పెచ్చు రాలింది. దాన్ని కాలితో పక్కకు తోసి, ఇంకా గట్టిగా కొట్టింది.