దిగరాదు

బోర్డుల పెయింటరు ఏటా ఎండలు ముదరగానే రంగుడబ్బాలు సంచిలో వేసుకుని కొండెక్కుతాడు. జలపాతం కింది మడుగు దగ్గర బోర్డుకి తెల్లరంగు పూసి, "లోతు ఎక్కువ. దిగరాదు" అని మళ్లీ ఎర్రగా రాయాలి. రాసినంతసేపూ నీళ్లకు వీపు పెట్టే కూర్చుంటాడు. తను ఈత నేర్చింది ఆ మడుగులోనే. పొట్ట కింద చెయ్యి పెట్టి తేల్చింది అన్నయ్య.

మొన్న చివరి అక్షరం రాస్తుండగా ఆ అన్నయ్యే, ఎన్నేళ్లకో, భుజాన తువ్వాలుతో ఆయాసపడుతూ పైకొచ్చాడు. బోర్డు చదివాడు.

"నువ్వేనట్రా రాసింది?"

"ఆఫీసువాళ్లు రాయమన్నారన్నయ్యా. నువ్వు దిగు, ఎవరూ చూడరులే."

"నువ్వు రాశాక నేనెలా దిగుతాన్రా? అయినా ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు."

తువ్వాలు తలకు చుట్టుకుని వచ్చిన దారినే కొండ దిగాడు. రంగింకా పచ్చిగానే ఉంది. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయేది. పెయింటరు 'దు'కి కొమ్ము దిద్దాడు.