బుద్రమ్మ కంటె, మంగరాజుగారి అర్జీ

మొన్న అరకు బస్టాండు పక్కన జిరాక్సు కొట్లో కొట్టతను పాత బీరువా సర్దుతుంటే కార్బన్ కాగితాల కట్ట ఒకటి బయటపడింది. ఆ వాసన ముక్కుకు తగలగానే వచ్చిన పని మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. నాకు అది మంగరాజుగారి వాసన. పాడేరులో ఆఫీసుల ఎదురుగా, రేకుల చూరు కింద మడతకుర్చీలో కూర్చుని టైపు మిషను మీద అర్జీలు కొట్టేవారాయన. మనిషి పొట్టి, కోపం పొడుగు. కళ్ళజోడుకు ఒక వైపు కాడ బదులు దారం ఉండేది. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే ఒక్కసారైనా తిట్లు తినే ఉంటారు.

తొంభైల చివర్లో నా పేరు మీద అప్పు తీసి జీపు కొన్నాం. మా ఆయన సంతలకు జనాన్ని తిప్పేవాడు. ఒక వానాకాలం సాయంత్రం ఘాట్‌రోడ్డు మలుపులో ఆ జీపు లోయలోకి జారింది. లోపల ఆయనొక్కడే ఉన్నాడు. ప్రాణం దక్కింది గాని కాలు దక్కలేదు. అప్పిచ్చిన షావుకారు కోర్టుకెక్కాడు, బాకీ తీర్చకపోతే నన్ను జైల్లో పెట్టిస్తానని కబురు చేశాడు. ఐపీ పెట్టుకుంటే జైలు తప్పుతుందని ఎవరో చెప్పారు. దివాళా తీశానని చెప్పుకోవడానికీ కోర్టులో ఫీజు కట్టాలని, పేపరులో ప్రకటన ఖర్చు కూడా మనదేనని తర్వాత తెలిసింది. చేతిలో పైసా లేదని చెప్పడానికి పైసలు కావాలట! ఏడవాలో నవ్వాలో తెలియక పాడేరు జీపెక్కాను.

మంగరాజుగారు అంతా విని, "ఫీజు మాఫీకి ముందో అర్జీ పెడదాం. సెప్పు, రాత్తాను" అన్నారు.

"దిక్కులేనిదాన్ని, దయ చూపించమని రాయండి బాబూ."

టకటకమంటున్న మిషను ఆగిపోయింది. "దయేటమ్మా? లేనోళ్ళకి ఫీజు ఒగ్గీమని సట్టంలోనే ఉన్నాది. ఉన్నదాన్ని అడగడానికి ఏడుపెందుకు? నీకేటేటున్నాయో సెప్పు."

పెంకుటిల్లు, రెండు మేకలు, జీపు తుక్కు చెప్పాను. వండుకునే గిన్నెలూ కట్టుకునే బట్టలూ లెక్కలోకి రావన్నారు. జాబితా రెండుసార్లు పైకి చదివి వినిపించారు. "ఇందులో లేనిది నీకాడ కనిపించిందా, మాఫీ పోద్ది, ఐపీ పోద్ది. తెలిసిందా?" తెలిసిందన్నాను. నిజంగా తెలిసిందనే అనుకున్నాను.

మా కొండల్లో మైదానాన్ని 'కింద' అంటాం. ఆసుపత్రికో పెళ్ళికో ఆడది కిందికి దిగుతుంటే మా ఊళ్ళో బోడి మెడతో పంపరు. ఊరి పరువు పోతుందట. ఊరంతా అత్తా అని పిలిచే బుద్రమ్మత్తకు వాళ్ళమ్మ ఇచ్చిన వెండి కంటె ఒకటుండేది. దిగే మనిషి మెడలో దాన్ని వేసి పంపడం మాకు అలవాటు. కోర్టుకు వెళ్ళే పొద్దున కూడా అత్త వచ్చి, "జడ్జీ ముందరికి ఎల్తన్నావు, బోడి మెడేటే?" అని నా మెడలో వేసింది. వేసిందన్న సంగతి కూడా నాకు పట్టలేదు. చెప్పులు తొడుక్కున్నట్టే అది.

కోర్టుకు రావడం తన పని కాదంటూనే మంగరాజుగారు వచ్చారు. వరండాలో నన్ను చూసి మొహం మాడ్చుకున్నారు. "మెడలోదేటి?" అని అడిగేసరికి గబగబా తీయబోయాను.

"తియ్యకు" అన్నారు. "షావుకారు ప్లీడరు నువ్వు బస్సు దిగినకాణ్ణుంచి సూత్తన్నాడు. ఇప్పుడు తీస్తే దాచినట్టవుతాది. అడిగితే ఉన్నది ఉన్నట్టు సెప్పు."

ప్లీడరు ముందుగా చెప్పింది ఆ కంటె సంగతే. ఇంత వెండి పెట్టుకున్న మనిషి ఫీజు కట్టలేనంటోందని నవ్వాడు. కంటె నాది కాదని, ఊరు వేసి పంపిందని ఎలాగో చెప్పాను. అప్పుడు వెనక బెంచీ మీంచి మంగరాజుగారు లేచారు. "తప్పు నాదండీ. ఇంట్లో ఏముందో అడిగాను గాని, కొండ దిగేటప్పుడు మెడలో ఏముంటుందో అడగలేదు. ఇన్నేళ్ళుగా ఆ కొండల్లో అర్జీలు రాస్తున్నాను, నాకు తెలిసుండాలి." అందరినీ తిట్టే మనిషి నిండు కోర్టులో తన్ను తాను తిట్టుకోవడం నేను మరిచిపోలేను. కంటె సొంతదారుని తీసుకురమ్మని జడ్జిగారు వాయిదా వేశారు.

ఆ వాయిదాకు బుద్రమ్మత్త దిగింది, ఆమె వెంట మరో ముగ్గురు ఆడవాళ్ళు. కంటె అత్త మెడలో ఉంది. మా నలుగురివీ బోడి మెడలే.

"ఈ కంటె ఎవరిది?" అన్నారు జడ్జిగారు.

"నాదే బాబూ. కానీ దిగినోళ్ళ మెడలో ఉంటాది. ఆయేల ఇది దిగింది, దీని మెడలో ఉన్నాది. ఇయ్యేల నేను దిగినాను."

"మరి వీళ్ళు కూడా దిగారుగా?"

"ఒకటే కంటె, ఏటి సెయ్యమంటారు? పెద్దదాన్నని నాకేసినారు."

జడ్జిగారు నవ్వు ఆపుకోలేకపోయారు. ఫీజు మాఫీ అయింది. మిగతా ఐపీ తతంగం నెలల తరబడి నడిచింది గాని, జైలు భయం మాత్రం ఆ రోజే వదిలింది. తిరుగు బస్సులో ఘాట్ ఎక్కుతుంటే కిటికీకి తల ఆనించి నిద్రపోయాను. జీపు పడ్డ మలుపు ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు. అంత హాయి మళ్ళీ ఎరగను.

తర్వాత పాడేరు వెళ్ళి, ఆయన కూలి ఎంతని అడిగాను. "ఫీజు మాఫీకి రాసినోడు ఫీజు పుచ్చుకుంటే ఏటి బాగుంటాది? ఓ కొండచీపురు తెచ్చియ్యి" అన్నారు. రెండు తీసుకెళ్ళాను. ఒకటి తిరిగి ఇచ్చేశారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మా ఊరి అర్జీలు ఇప్పుడు నేనే రాస్తాను. 'దయ' అని ఎవరైనా మొదలుపెడితే కలం ఆపేస్తాను, తిట్లు కూడా కొన్ని వచ్చాయి. బుద్రమ్మత్తా లేదు. కంటె మా ఇంట్లో ఉంటోంది. ఎవరైనా కిందికి దిగుతుంటే మెడలో వేస్తాను. వేసి, చేతిలో ఒక చీటీ పెడతాను. ఇది బుద్రమ్మ కంటె అని అందులో రాసి ఉంటుంది.