కాకకు చదవని వార్త

లాక్‌డౌన్ మొదలయ్యేనాటికి నేను సూరత్‌లోని పాండేసరలో ఒక మిల్లులో చీరల ప్రింటు డిజైన్లు చేసేవాణ్ణి. మిల్లు మూసేటప్పుడు సేఠ్‌ని అడిగి కంప్యూటర్‌ను గదికి తెచ్చుకున్నాను. గదిలో నాతోపాటు ముగ్గురు ఉండేవారు. అందరూ జగిత్యాల వైపు నుంచి వచ్చి మరమగ్గాలు నడిపేవాళ్లే. వాళ్లలో పెద్దాయన్ని కాకా అనేవాళ్లం.

ఒకరోజు ఎవరి ఫోన్‌కో వరంగల్‌కు రైలుందని మెసేజ్ వచ్చింది. మిగతా ఇద్దరూ సంచులు సర్దుకుని స్టేషన్‌కు వెళ్లి, రైలు లేకపోగా పోలీసుల లాఠీ దెబ్బలు తిని తిరిగొచ్చారు. "ఫోన్ల ముచ్చట్లు వద్దు బిడ్డా. పేపర్ల అచ్చయిందే సదువు," అన్నాడు కాక. ఆయనకు చదువు రాదు.

అందుకని పత్రికల వార్తలన్నీ ఒకేచోట చూపించే సాఫ్ట్‌వేర్ కోసం వెతికాను. మొదట దించుకున్నదానిలో తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించాయి. రెండోది చూడ్డానికి బాగుంది కానీ, నెట్ ఆగితే ఖాళీ తెర చూపించేది. మా బిల్డింగ్‌లో నెట్ గంటకోసారి ఆగేది. మూడోదానికి అందం లేదు. అయితే వార్త మొత్తాన్ని దాచిపెట్టుకునేది, మనం ఇచ్చిన పేరున్న వార్తల్ని విడిగా తీసి పెట్టేది. దాన్నే ఉంచుకుని మా ఊళ్ల పేర్లన్నీ ఎక్కించాను. రోజూ పొద్దున టీ తాగాక చదివి వినిపించేవాణ్ణి.

వారం తిరక్కుండానే కాక ఊరి పేరుతో ఒక వార్త వచ్చింది. జ్వరంతో ఆసుపత్రిలో చేరిన అరవై ఏళ్ల ఆవిడ చనిపోయిందట, ఆ వాడకు కంచె వేశారట. కాక వాళ్లక్క ఉండేది ఆ వాడలోనే. ఆమెకు జ్వరమని ఆయన అంతకుముందే చెప్పాడు. ఆ వార్త చెరిపేసి, కూరగాయల ధరలు చదివాను.

రెండు రోజులకు, కాక వాళ్లక్క పోయిందని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడాక కాక ఫోన్ పక్కన పెట్టాడు. తర్వాత నా వైపు చూశాడు.

"నీ కంప్యూటర్ల గిది రాలేదా?"

అబద్ధం చెప్పలేకపోయాను. "వచ్చింది కాకా. పేరు లేకుండె. నువ్వు నడుసుకుంట పోతవేమోనని బుగులైంది."

"పోతనో, ఉంటనో నేను జూసుకుందును. మంచియి ఏరి సదువుమన్ననా నిన్ను?"

మర్నాటి నుంచి నేను చదువుతుంటే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. తిడితే బాగుండుననిపించేది.

తర్వాత కొన్నాళ్లకు వలస కూలీల రైళ్ల కబురు వచ్చింది. పేర్లు ఎక్కడ రాయించాలో కూడా ఉంది. గట్టిగా చదివాను. కాక లోపలికి వచ్చాడు కానీ, నన్ను దాటి గదిలోని ఇంకొకతన్ని పిలిచాడు.

"జర నువ్వు సదువు."

అతను తెర మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. అప్పుడు నమ్మాడు కాక. ఆ రైల్లోనే వెళ్లాడు.

మిల్లులు తెరిచాక సూరత్ తిరిగొచ్చి వేరే గదిలో దిగాడు. ఎదురుపడితే "మంచిగున్నవా?" అంటాడు. ఉన్నానంటాను. అంతే, తన దారిన వెళ్లిపోతాడు.