అర్గిరో కడిగిన ఎముకలు

మా ఊరి ఆలివ్ తోటల్లో నాలుగు వేల ఏళ్ల కిందటి గుండ్రటి సమాధి ఒకటుంది. వేసవి వస్తే అక్కడ తవ్వకాలు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లం రేకుల షెడ్డులో కూర్చుని కుండపెంకులూ ఎముకలూ శుభ్రం చేస్తాం. ఎముకలు మాత్రం అర్గిరో చేతికే ఇచ్చేది ఆ తవ్వకాలు నడిపే థాలియా మేడం. వాటిలో ల్యాబు పరీక్షకు వెళ్లేవాటికి నీళ్లు కూడా తగలకూడదు. పొడి బ్రష్షుతో మట్టి దులపాలి.

ఊళ్లోనూ ఎముకల పనికి అర్గిరోదే పేరు. మా శ్మశానం ఇరుకు. కొన్నేళ్లకు సమాధి తెరిచి, ఎముకలు తీసి, వైన్‌తో కడిగి పెట్టెలో సర్దుతాం. ఎవరింట్లో ఆ పని పడినా ఆమెకే కబురు. మా అత్త పుర్రెను ఒళ్లో పెట్టుకుని ఎంత ముద్దుగా కడిగిందో. బతికుండగా మా అత్తను అలా ఎవరూ చూసి ఉండరు, నేనైతే అసలే చూడలేదు.

ఊళ్లో అందరి వాళ్లనూ కడిగిన మనిషికి కన్నకొడుకును కడుక్కునే రాత లేకపోయింది. ఆ కొడుకు మనూసోస్ ఎన్నో ఏళ్ల కిందట, కుర్రతనంలోనే సరుకు ఓడలో పనికి వెళ్లాడు. ఆ ఓడ స్పెయిన్ అవతల తుపానులో మునిగింది. ఒక్క శవమూ దొరకలేదు. దొరకలేదు కాబట్టి కొడుకు పోలేదంది అర్గిరో. పోయినవాళ్ల కోసం కట్టే నల్లబట్ట కట్టలేదు. ఫాదర్ మెథోదియోస్ ప్రార్థన చేయిస్తానని వస్తే గుమ్మంలోనే నిలబెట్టింది.

"బతికున్నవాడికి దినం చేయమంటారా ఫాదర్? ముందు మీ అన్నకి చేసుకోండి. ఆయనా ఏథెన్స్ వెళ్లి ఉత్తరం ముక్క రాయట్లేదుగా."

ఊరు వెనకాల నవ్వుకుంది. నాకు ఒళ్లు మండేది, ఊరి మీద కాదు, ఆమె మీద. ఏ బస్సు ఆగినా తలెత్తి చూసే ఆ చూపు భరించలేకపోయేదాన్ని.

కిందటి వేసవిలో సమాధి గోడ వారన, పక్కకు ముడుచుకుని పడుకున్న ఒక మనిషి ఎముకలు బయటపడ్డాయి.

"కుర్రాడే. జ్ఞానదంతం ఇంకా పూర్తిగా రాలేదు," అంది మేడం. "నీళ్లు తగలనివ్వకు అర్గిరో. ఇంత బాగా ఉన్నవి మళ్లీ దొరకవు."

అర్గిరో తలూపింది. మర్నాడు భోజనాలయ్యాక అందరం చెట్ల నీడన నడుం వాల్చాం. టోపీ కోసం నేను షెడ్డులోకి వెళ్తే గుప్పున వైన్ వాసన. తొట్టెలో ఎర్రగా వైన్, అందులో ఆ ఎముకలు.

"అక్కా, మతిపోయిందా నీకు? నీళ్లే తగలకూడదంటే..."

"వీణ్ని కన్నతల్లి కడిగిందో లేదో ఎవరికి తెలుసు స్తమాతియా? ఎవరో ఒకరు కడగాలి కదే."

"వాడు ఏ కాలంవాడో!"

ఆమె వినలేదు. పుర్రెను చేతుల్లోకి తీసుకుని నుదురు మీద బొటనవేలితో నిమిరింది.

"నీళ్లలో బాగా చలేసిందా నాన్నా?" అంది.

నేను పక్కన కూర్చుని గుడ్డ పట్టాను. ఆమె ఒక్కొక్క ఎముకే తుడిచి అందులో పెట్టింది.

మేడం వచ్చి చూసి అరవలేదు. చెక్కపెట్టె మీద కూలబడింది.

"నీకు తెలియకనా అర్గిరో?"

"తెలుసమ్మా."

"ఇవింక పరీక్షకు పనికిరావు. నిన్ను పనిలో ఉంచుకోలేను. రేపటి నుంచి రావద్దు."

మేడం మీద కోపం వచ్చింది. కానీ ఆమే లేచి గుడ్డ అంచులు మడిచి ఆ ఎముకల మీద కప్పింది. ఎవరిని తిట్టుకోను?

రావద్దన్నా మర్నాడు పొద్దున్నే వచ్చింది అర్గిరో. చేతుల్లో పెద్ద పళ్లెం. ఉడికించిన గోధుమలు, బాదం, ఎండుద్రాక్ష, పైన పంచదార. పోయినవాళ్ల పేర మేం పంచుకునేవే. తవ్వేవాళ్లకూ మాకూ దోసిట్లో పెడుతూ వచ్చి మేడం ముందు ఆగింది.

"ఎవరి పేర?" మేడం మెల్లగా అడిగింది.

"మా మనూసోస్ పేరమ్మా."

"దేవుడు అతన్ని క్షమించుగాక," అంది మేడం, దోసిలి పట్టి. పోయినవాళ్ల పేర తినేముందు అనే మాటే అది, అందరం అన్నాం. మా అందరికీ మనూసోస్ పోయి ఎన్నో ఏళ్లయింది. వాళ్లమ్మకు మాత్రం ఆ పొద్దునే పోయాడు.