పన్నెండో వంతు

ఏడో తరగతిలో నాకు భిన్నాల పిచ్చి పట్టింది. ముగ్గురు కలిసి ఆటో మాట్లాడుకున్నారు, మొదటివాడు సగం ఇచ్చాడు, రెండోవాడు మూడో వంతు ఇచ్చాడు, మిగిలింది మూడోవాడు ఎంత ఇవ్వాలి? ఇలాంటిది కనబడితే అన్నం కూడా పక్కన పెట్టేదాన్ని. అసలు ఆ మొదటివాడు సగమెందుకిచ్చాడో మాత్రం ఏ పుస్తకమూ చెప్పేది కాదు. నాకు అదే కావాలి.

సోలాపూర్ దాజీ పేట్‌లో మా వాడాలో ఒకే వాకిలి చుట్టూ మూడిళ్లు. అందరికీ ఒకటే నల్లా, ఒకటే మోటారు. నాలుగు రోజులకోసారి గంటసేపు నీళ్లొచ్చేవి. ఇంటికి ఇరవై నిమిషాలు పట్టుకునేవాళ్లం. ఆ ఎండాకాలం మోటారు కాలిపోయింది. వైండింగుకు పద్దెనిమిది వందలవుతుందన్నాడు మెకానిక్కు. ఎప్పటిలాగే ఇంటికి మూడో వంతు, అంటే ఆరు వందలు.

మూల గదిలో పెద్దమ్మ ఒక్కతే ఉండేది. బీడీలు చుట్టి బతికేది. ఆరు వందలంటే ఆమె ఎన్ని రోజులు వంచిన నడుము ఎత్తకుండా కూర్చోవాలో రోజూ చూసేదాన్నే కదా, నాకు ఒళ్లు మండిపోయింది. నోట్‌బుక్కు తీశాను. మా ఇంట్లో ఆరుగురం, ఎదురింట్లో ఐదుగురు, పెద్దమ్మ ఒక్కతే. మొత్తం పన్నెండు మంది. మాది సగం, తొమ్మిది వందలు. ఎదురింటిది పన్నెండింట ఐదు వంతులు, ఏడు వందల యాభై. పెద్దమ్మది పన్నెండో వంతు, నూట యాభై. అబ్బ, ఎంత చక్కగా కుదిరిందో! మా బాపు మూడు వందలు ఎక్కువ పడుతున్నా మురిసిపోయి సరేనన్నాడు.

ఎదురింటి మామ పవర్‌లూమ్ మీద టవళ్లు నేసేవాడు. వాడా మధ్యలో నిలబడి నాతో లెక్క రెండుసార్లు చదివించుకున్నాడు.

"బరోబర్ ఉన్నది బిడ్డా," అన్నాడు నవ్వుతూ. "మరి నీళ్లు గూడ గట్లనే పంచుకుందాం. గంటల పన్నెండో వంతంటే ఎంత?"

లెక్క అడిగితే నా నోరు ఆగుతుందా!

"ఐదు నిమిషాలు," అనేశాను ఠక్కున.

అప్పుడు చూశాను, పెద్దమ్మ ముఖం మాడిపోయింది. తాగడానికీ, వంటకూ, బీడీ ఆకు తడపడానికీ ఆమెకున్నది ఒక్కటే డ్రమ్ము. ఐదు నిమిషాల్లో అది పావు వంతే నిండుతుంది.

"పరాచికానికన్న వదినే," అన్నాడు మామ. కానీ ఇరవై నిమిషాలు నీవేలే అని అనలేదు. బాపు నా నోట్‌బుక్కు అందుకుని లెక్క మళ్లీ చూసుకున్నాడు. నేనేమో, సిగ్గులేని బుర్ర, తలలు లెక్కపెడితే ఒకటి వస్తోంది, ఇళ్లు లెక్కపెడితే ఇంకోటి వస్తోంది, రెండూ ఎలా ఒప్పవుతాయా అని అప్పుడు కూడా ఆలోచిస్తూనే ఉన్నాను.

పెద్దమ్మ లోపలికి పోయి నోట్లు తెచ్చింది. మామకివ్వలేదు, బాపుకివ్వలేదు. నా చేతిలో పెట్టింది. ఆరు వందలు.

"పెద్దమ్మా, నీది నూట యాభయ్యే," అన్నాను. ఏడుపొచ్చేసింది.

"నీ లెక్కల తప్పు లేదు బిడ్డా," అని నా గుప్పిట మూసింది. "గానీ అండ్ల నా డ్రమ్ము నిండదు."