రుకయ్యా అవ్వ టెంకలు

మంచుకొండల నడుమ మా శిగర్ లోయలో నా ఈడు వాళ్లెవరైనా సరే, కళ్లు తెరవగానే ముందు చూసింది రుకయ్యా అవ్వ మొహమే. ఆవిడ మంత్రసాని. మొగుడు మంచుచరియ కింద పడి పోయాడు, పిల్లల్లేరు. ఊరి పిల్లలంతా తన సొత్తే అన్నట్టు పెత్తనం చేసేది. పళ్లు మూడే మిగిలాయి గానీ నోటికి మాత్రం అడ్డూ ఆపూ లేదు.

"నీ తలకాయ బయటికి రాగానే అనుకున్నానురా నజఫూ, ఇంత బుర్ర ఉత్తదైతే ఎలాగా అని!" అని పెళ్లిళ్లలో పదిమంది ముందు నన్ను పట్టుకుని అనేది. నవ్వలేక చచ్చేవాళ్లం.

రాజుగారి కోటకీ పాత చెక్క మసీదుకీ మధ్య మెట్ల పక్కన అవ్వకి ఉన్నదల్లా ఒక్క ఖుబానీ చెట్టు, అదే ఆప్రికాట్. రాలిన పండు ఎవరైనా తినొచ్చు, టెంక మాత్రం కింది బండ మీద పెట్టిపోవాలి. మాకిది ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ టెంకలు పగలగొట్టి, పప్పు నూరి, పిండి తీసిన నూనె తప్ప ఇంకేదీ అవ్వ పసిపిల్ల ఒంటికి తాకనివ్వదు. "బజారు నూనె బండి చక్రాలకి పూసుకోండి!" అనేది.

ఆ ఏడు మంచు దెబ్బకి పూత మాడిపోయింది. చెట్టుకి నాలుగు కాయలు నిలిస్తే గొప్ప. ఇంట్లో మా ఆవిడ తస్లీమా కడుపుతో ఉంది. అవ్వ పొద్దస్తమానం చెట్టు కిందే దేవులాడేది.

"నీ బిడ్డ కోసమేరా ఇదంతా. జేబులో వేసుకుపోయావో, చెవి మెలేస్తా!"

అంటే ఆ టెంకల విలువ నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికైనా లేదు.

అప్పట్లో నేను వచ్చేపోయే వాళ్లకి కోటా మసీదూ చూపించి నాలుగు రాళ్లు సంపాదించుకునేవాణ్ని. ఒకనాడు లాహోరు నుంచి ఓ పెద్ద అధికారి భార్యతో వచ్చాడు. కోటలో చెక్కిన కిటికీల గురించీ, మసీదు వాల్‌నట్ స్తంభాల గురించీ నా వాగుడు ఆయనకి తెగ నచ్చింది. "కోటలో స్థిరమైన కొలువుకి నీ పేరు చెబుతానోయ్" అన్నాడు. ఇక నా కాళ్లు నేల మీద లేవు.

మెట్లు దిగుతూ ఇద్దరూ రాలిన పండ్లు ఏరుకుని తిన్నారు. తమ తోటలో నాటుకుంటానని ఆమె టెంకలన్నీ రుమాల్లో మూటకట్టింది. అవ్వ కర్ర ఊపుకుంటూ వచ్చిపడింది.

"తిన్నంత తినండి తల్లీ, టెంకలు మాత్రం ఇక్కడ పెట్టండి" అంది, వచ్చీరాని ఉర్దూలో.

అధికారి పెద్దగా నవ్వాడు. "ఉమ్మేసినవాటికీ కాపలానా? ఎవరోయ్ ఈవిడ?"

మా మంత్రసాని అని ఒక్క మాట చాలు కదా. నా నోరు పడిపోనూ, ఆ మాట రాలేదు.

"ఎవరో తెలియదు సార్. పిచ్చిది. దారిలో కూర్చుని అడుక్కుంటుంది."

అవ్వకి ఉర్దూ మాట్లాడటం రాకపోవచ్చు, వింటే బాగానే తెలుస్తుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "పట్టుకెళ్లు తల్లీ" అని ఆమెకి దారిచ్చి పక్కకి తప్పుకుంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. ఛీ, అదీ ఒక బతుకేనా!

కొలువు వచ్చింది. ఆ మెట్ల మీంచి వెళ్లే మొహం లేక, కాలవ గట్టున చుట్టూ తిరిగి వెళ్లేవాణ్ని. కాళ్ల మీద పడదామని ఎన్నిసార్లనుకున్నానో. రేపు, రేపు అంటూనే మంచుకాలం వచ్చేసింది.

దారులు మూసుకుపోయాక ఒక ఉదయం తస్లీమాకి నొప్పులు మొదలయ్యాయి. అమ్మ అవ్వ ఇంటికి పరుగెత్తింది. ఏ మొహం పెట్టుకుని రమ్మంటాం, రాదనుకున్నాను. వచ్చింది. చేతిలో చిన్న సీసా, అడుగున కాస్త నూనె. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. నన్ను లోపలికి పిలిచారు.

అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని, వేలి కొసతో ఒక్కో చుక్కే తీసి పొదుపుగా రాస్తోంది. రాస్తూ బిడ్డకి ఇంటినంతా పరిచయం చెయ్యడం ఆవిడ అలవాటు.

"ఇది పొయ్యి, దగ్గరికి పోకు. ఇది మీ నానమ్మ, చెప్పేవన్నీ నమ్మకు. ఇది మీ అమ్మ, నీకోసం చాలా ఓర్చుకుంది."

అందరూ నవ్వుతున్నారు. అవ్వ బిడ్డని నావైపు తిప్పింది. క్షమించమని అడగబోయాను.

"ఈయనెవరో నాకు తెలియదు తల్లీ" అంది అవ్వ మెల్లగా. "రేపు నేనెవరని ఎవరైనా అడిగితే, నువ్వు మాత్రం నన్నెరుగుదునని చెప్పు."

అమ్మ అదీ హాస్యమే అనుకుని పకపకా నవ్వింది.